అమ్మాయి పెళ్ళిచూపుల్లో నేను రష్యా అయ్యాను

చెప్తాను గాని, మధ్యలో ఎవరూ నవ్వకూడదు. అంతగా ఆపుకోలేకపోతే టీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకోండి. మొన్న ఆదివారం మరోదా సెక్టార్లో మా క్వార్టర్లో, మా లావణ్యని చూసుకోవడానికి వచ్చినవాళ్ళ ఎదురుగా కూర్చుని, నేను రష్యా తరఫున వాదించాను. అవును, నేనే! యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ ఈ బెంచీ మీద ఉక్రెయిన్ పక్షాన ఒంటరిగా గొంతు చించుకుంటున్న ఈ సింహాచలాన్నే. వాదించి వాదించి, చేతికందిన సంబంధాన్ని దాదాపు గోతిలో పాతేశాను.

భిలాయిలో ఉక్రెయిన్ వైపు మాట్లాడటం ఎలాంటిదో మీకు నేను చెప్పాలా? మన ఉక్కు ప్లాంటు రష్యావాళ్ళే కట్టారు, మన నాన్నలకి పని నేర్పింది కూడా వాళ్ళే, ఇక్కడ రష్యాని ఒక మాట అంటే సొంత మేనమామని తిట్టినట్టే చూస్తారు. అయినా నేను తగ్గానా? రిసాలిలో ఈ టీ కొట్టు దగ్గర మీరంతా ఒకవైపు, నేనొక్కణ్ణే ఇంకోవైపు. అలాంటివాణ్ణి ఎందుకు మారానంటే, దానికి కారణం మా పిల్ల.

లావణ్య, వినోద్ అనే కుర్రాడు రాయ్‌పూర్‌లో ఒకే ఆఫీసులో పని చేస్తున్నారు. ఇద్దరూ ముందే ఇష్టపడ్డారు. పెద్దవాళ్ళం కూర్చుని సరే అనడం ఒక్కటే మిగిలింది. అబ్బాయి తండ్రి కూర్మారావుగారు, మన ప్లాంటులోనే కోక్ ఓవెన్‌లో బొగ్గు కాల్చే పొయ్యిల దగ్గర చేసి రిటైరయ్యారు. కోహ్కాలో ఇల్లు కట్టుకున్నారు. మాది విజయనగరం వైపు, వాళ్ళది శ్రీకాకుళం వైపు. అన్నీ కలిశాయి. మధ్యవర్తి మా ఆవిడ పార్వతికి అక్క వరస, రమణమ్మ వదిన. ఆవిడ ఇల్లు కూడా కోహ్కాలో, కూర్మారావుగారి వీధిలోనే.

చూపులకి ఒక వారం ముందు రమణమ్మ వదిన మా ఇంటికొచ్చి నన్ను పక్కకి పిలిచింది.

“మరిదిగారూ, ఒక మాట సెప్తాను, కోపం తెచ్చుకోకండి. ఆ కూర్మారావుగారు పక్కా రష్యా మనిషి. ఇంతకుముందు పెద్దబ్బాయికి ఒక సంబంధం సూడ్డానికి ఎల్లినప్పుడు, ఆళ్ళు రష్యాని ఏదో అన్నారని కాఫీ ముట్టుకోకుండా లేచొచ్చీసినారు. మీ నోరు కాస్త కట్టుకోండి” అంది.

ఆవిడ వెళ్ళాక లావణ్య వచ్చి నా పక్కన కూర్చుంది. సాధారణంగా అది నాతో హిందీలోనే గలగలా మాట్లాడేస్తుంది. తెలుగులో మాట్లాడిందంటే విషయం సీరియస్ అన్నమాట. వినోద్ వాళ్ళ నాన్న మాట దాటడని, ఆయన కాదంటే ఇంక ఎన్నాళ్ళయినా అలాగే ఆగిపోతాడు తప్ప ఎదిరించడని చెప్పింది. “పాపా, వార్ టాపిక్ ఎత్తొద్దు. ప్రామిస్ చెయ్యండి. వినోద్ కాకపోతే నాకు ఇంకెవరూ వద్దు” అంది. దాని కళ్ళు చూస్తే నాకు భయం వేసింది. చెయ్యి పట్టుకుని ప్రామిస్ చేశాను.

అక్కడితో ఆగి ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. కానీ నా బుర్ర ఊరుకుంటుందా? ఊరికే నోరు మూసుకుని కూర్చోవడం కంటే, ఆయనకి నచ్చే నాలుగు ముక్కలు నేనే మాట్లాడితే ఇంకా మంచిది కదా అనుకున్నాను. మన వైపు ఆడపిల్ల తండ్రి, మగపిల్లాడి తండ్రి మాటకి ఎదురు చెప్పడు. తెలివైనవాడైతే ఆయన అనబోయే మాట తానే ముందు అనేసి, “తమరు సెప్పింది నిజం” అంటాడు. మా నాన్న మా అక్క పెళ్ళి అలాగే కుదిర్చాడు. ఆ రోజు ఆయన వంకాయ అంటే ప్రాణం అని కూడా అన్నాడు, జన్మలో ముట్టుకోని మనిషి.

పోయిన వారం అంతా నేను ఇక్కడ కిక్కురుమనకుండా కూర్చున్నానని మీరు ఒంట్లో బాలేదేమో అనుకున్నారు కదూ? బాగానే ఉన్నాను. మీ పాయింట్లన్నీ ఏరుకుంటున్నాను. నేటో తూర్పుకి జరుగుతూ జరుగుతూ వచ్చి గుమ్మం ముందు నిలబడింది. కీవ్‌లో గవర్నమెంటుని మార్చేశారు. డాన్‌బాస్‌లో రష్యన్ మాట్లాడేవాళ్ళ మీద ఏళ్ళ తరబడి ఫిరంగులు పేల్చారు. మిన్స్క్‌లో ఉక్రెయిన్ ఒప్పుకున్న శాంతి ఒప్పందాన్ని అమలు చెయ్యలేదు. ఇవన్నీ స్కూటర్ మీద షిఫ్టుకి వెళ్తూ బట్టీ పట్టాను. హెల్మెట్‌లో నాలో నేను గొణుక్కుంటుంటే సిగ్నల్ దగ్గర పక్కవాడు జాలిగా చూశాడు కూడా.

ఆదివారం రానే వచ్చింది. కూర్మారావుగారు, ఆయన భార్య సరస్వతిగారు, వినోద్, వాళ్ళతోపాటు రమణమ్మ వదిన. పెద్దాయన పొడుగ్గా, తెల్ల చొక్కాలో, చూడగానే నమస్కారం పెట్టాలనిపించేలా ఉన్నారు. పార్వతి టీపాయ్ నిండా గారెలు, కొబ్బరి చట్నీ, బూందీ లడ్డూలు పెట్టింది. లావణ్య టీ ఇచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఊరి మాటలు అయ్యాయి, మోకాళ్ళ నొప్పులు అయ్యాయి. అంతా సాఫీగా పోతోంది. అదిగో అప్పుడు నాకు ఇదే సమయం అనిపించింది.

“మన ప్లాంటు చూస్తే చాలండీ, రష్యా వాళ్ళ మనసేటో తెలిసిపోద్ది” అన్నాను.

పార్వతి చేతిలో గరిటె ఆగిపోయింది. లావణ్య నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. కూర్మారావుగారు మాత్రం మెచ్చుకోలేదు. ఒక్క క్షణం తికమకపడి, భార్య వైపు చూశారు. ఆవిడ కళ్ళతో ఏదో సైగ చేశారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

“నిజమేనండి. గాని అప్పుడొచ్చినోళ్ళలో ఉక్రెయిన్ ఆళ్ళు కూడా చానామంది ఉన్నారు. మనమే అందర్నీ కలిపి రష్యనోళ్ళు అనీసినాం” అన్నారు.

ఇదేమిటి, పక్కా రష్యా మనిషి నోట ఈ మాట? తర్వాత వెలిగింది. ఓహో, నన్ను పరీక్షిస్తున్నారు! వీడు నిజంగా రష్యా మనిషేనా, సంబంధం కోసం వేషం కట్టాడా అని తేల్చుకుంటున్నారు. ఇప్పుడు సరే అని తల ఊపానంటే దొరికిపోతాను. అందుకని ఇంకొంచెం బిగించాను. నేటో సంగతి ఎత్తాను. మన గుమ్మం ముందుకి పరాయివాడు తుపాకీ పట్టుకుని వస్తే మనం ఊరుకుంటామా అన్నాను.

ఆయన ఒక గుక్క టీ తాగి, నిదానంగా చెప్పారు. “సింహాచలంగారూ, పక్క క్వార్టర్ ఆడు ఆడి పెరట్లోకి ఎవర్ని పిలుచుకుంటే మనకేటండి? భయం ఏస్తే మన తలుపు గడియ పెట్టుకోవాలి. ఆడి గోడ బద్దలుకొట్టి, ఎల్లి ఆడి వంటింట్లో కూకుంటామా?”

ఏం చెప్పారండీ! నేను ఇన్నాళ్ళూ మీ ముందు సార్వభౌమత్వం, అంతర్జాతీయ చట్టం అని నోరు తిరగని మాటలు వాడి, మీ చేత ఆవలింతలు తెప్పించాను. ఆయన ఒక గోడ, ఒక వంటింటితో తేల్చేశారు. లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. కానీ నేను రష్యాని కదా, కొట్టలేను. మొహం గంటు పెట్టుకుని డాన్‌బాస్ మొదలుపెట్టాను. అక్కడి జనం కూడా మనుషులే కదా, వాళ్ళ ఇళ్ళ మీద పడినవి పువ్వులా అని అడిగాను. ఆయన కాదనలేదు. పోయినవాళ్ళు ఎవరైనా పోయినవాళ్ళేనని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, కానీ సరిహద్దు దాటి ట్యాంకులు పంపింది ఎవరు అని అక్కడికే తీసుకొచ్చారు. అణుబాంబులు వదిలేసుకుంటే మీ సరిహద్దు ముట్టుకోం అని మాటిచ్చి, ఆ మాట మింగేసింది ఎవరని కూడా అడిగారు.

ఆ తర్వాత ఎలా జరిగిందో తెలీదు గాని, టీపాయ్ మీద మ్యాప్ తయారైపోయింది. గారెల పళ్ళెం ఉక్రెయిన్, చట్నీ గిన్నె నల్ల సముద్రం, గారెల్లో చిల్లు పెద్దగా ఉన్నది కీవ్. ఆయన ఒక లడ్డూ తీసి చట్నీ గిన్నె పక్కన పెట్టి, ఇది క్రైమియా అన్నారు. ఇది ఎవరిదో మీరే చెప్పండి అన్నారు. నేను క్రైమియా చరిత్ర అందుకున్నాను. ఎవరు ఎప్పుడు ఎవరికి ఇచ్చారో ఆవేశంగా చెప్పుకుపోతున్నాను. ఆ ఊపులో ఆకలి కూడా వేసింది. చెయ్యి దానంతటదే వెళ్ళింది. కొరికి, నమిలి, మింగేశాక గాని నేనేం చేశానో నాకు తెలీలేదు.

కూర్మారావుగారు ఖాళీ అయిన చోటు చూపించి, “నేను ఇందాకట్నుంచి సెప్తున్నది ఇదేనండి” అన్నారు.

వినోద్ తల దించుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు. లావణ్య మాత్రం నవ్వడం లేదు. పార్వతి ఇంకో లడ్డూ తెచ్చి అక్కడ పెట్టింది, పాపం, శాంతి కోసం. నేను దాన్ని ముట్టుకోలేదు.

అక్కడైనా ఆపొచ్చు కదా? ఆపలేదు. ఆయన పరీక్ష పెడుతున్నకొద్దీ నేను పాసవ్వాలని చూస్తున్నాను. యుద్ధం అన్నాక రెండువైపులా తప్పులు జరుగుతాయని, సైన్యం సైన్యంతోనే పోరాడుతోందని అనేశాను. మిగతావీ నేను నమ్మి అన్నవి కాదు గాని, ఈ మాటకి మాత్రం అంటున్నప్పుడే నోరు చేదెక్కింది. కూర్మారావుగారు కప్పు కింద పెట్టేశారు. అప్పటిదాకా ఉన్న గొంతు వేరు, ఇప్పుడొచ్చిన గొంతు వేరు.

“మారియుపోల్ అని ఒక ఊరండి. అక్కడ మనలాంటిదే ఉక్కు ప్లాంటు. ఆ ప్లాంటు కింద మన కేబుల్ టన్నెళ్ళలాంటి టన్నెళ్ళలో ఆడోళ్ళు, పిల్లలు ఎలుతురు సూడకుండా దాక్కున్నారు. పైన బాంబులు. కోక్ ఓవెన్ బ్యాటరీ, అదే ఆ పొయ్యిల వరస, ఒకసారి ఎలిగించినాక సల్లారనివ్వకూడదండి, సల్లారితే లోపల ఇటుకలు పగిలిపోయి బ్యాటరీ సచ్చిపోద్ది. సమ్మె అయినా, వరదొచ్చినా, ఇంట్లో శవం ఉన్నా మనిషి డ్యూటీకి పోయేది అందుకే. నేనూ ఎల్లినాను. అలాగ కాసుకున్న బ్యాటరీని అక్కడి పనోళ్ళు ఆళ్ళ చేతుల్తో ఆపీసుకుని ఆ టన్నెళ్ళలోకి దిగినారు. ఆ ఆపిన మనిషి ఎవడో, ఆడికెలాగుందో...”

ఆయన అక్కడితో ఆపేశారు. నేనూ రోలింగ్ మిల్లులో పని చేసేవాణ్ణే. ఈ సంగతి చాలాసార్లు టీవీలో చూశాను, మీతో అన్నాను కూడా. కానీ ఆ టన్నెల్‌లో నన్ను దించి నిలబెట్టినవాడు ఆయనే. ఆ క్షణంలో ఆయన మీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. వియ్యంకుడైతే ఇలాంటివాడే కావాలి అనుకున్నాను. అనుకుని, ఆ మాటే అనెయ్యొచ్చు కదా! పరీక్ష ఇంకా అవలేదేమోనని భయపడి, “అయినా రష్యా వాళ్ళ కోణంలోంచి చూస్తే...” అని మొదలుపెట్టాను.

లావణ్య లేచి నిలబడింది. “బస్ పాపా. ఇంక చాలు. మీకు వార్ గెలవాలి, గెలవండి. నాకు ఏమీ వద్దు” అని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా కూడా వెయ్యలేదు, మెల్లగా దగ్గరికి వేసుకుంది. దానికంటే గట్టిగా వేస్తేనే నయం. వినోద్ మొహం తెల్లబోయింది. అప్పుడు తెలిసింది నాకు, నేను ఎంత పని చేశానో. పిల్ల అడిగింది ఒక్కటే, నోరు మూసుకోమని. నేను దాని జీవితాన్ని గారెల పళ్ళెంలో పెట్టి పంచుతున్నాను.

ఇంతలో సరస్వతిగారు భర్త వైపు తిరిగారు. ఆవిడ మెల్లగానే అన్నారు గాని అందరికీ వినబడింది.

“ఏటండీ మీరు? ఇంటికాడ రోజంతా రష్యా రష్యా అని నా బుర్ర తినీసి, ఇక్కడికొచ్చి ఉక్రెయిన్ కోసం దెబ్బలాడతారేటి? అమ్మాయి నాన్నగారు ఉక్రెయిన్ మనిషి, ఆయన మనసుకి నచ్చినట్టు ఒక మాట అనండన్నాను గాని, ఆయన్తో యుద్ధం సెయ్యమన్నానా?”

పార్వతి ఒక అడుగు ముందుకొచ్చింది. “అదేటి వదినగారూ, మా ఆయన ఉక్రెయినేనండి. ఇవాళ ఏటయిందో గాని, రష్యా పూనింది” అంది.

నేను కూర్మారావుగారిని చూశాను. ఆయన నన్ను చూశారు. తర్వాత ఇద్దరం కలిసి రమణమ్మ వదిన వైపు చూశాం. ఆవిడ మూలన కూర్చుని తాపీగా గారె తింటోంది. తాను ఇద్దరికీ ఉన్న నిజమే చెప్పానని, ఎవరి నోరు వాళ్ళు కట్టుకోమని మాత్రమే అన్నానని, జెండాలు మార్చుకోమని ఎవరికీ చెప్పలేదని అంది. దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆవిడ వాళ్ళింటికి కూడా వెళ్ళి, అమ్మాయి తండ్రికి ఉక్రెయిన్ అంటే ప్రాణమని హెచ్చరించింది. ఆయన కూడా నాలాగే వారమంతా కూర్చుని, ఫోన్లో వీడియోలు చూసి ఉక్రెయిన్ పాయింట్లు నేర్చుకున్నారు. నేను రష్యా అనగానే, ఉక్రెయిన్ మీద తనకెంత ప్రేమో చూడ్డానికి నేనే ఆయనకి పరీక్ష పెడుతున్నాననుకున్నారు. నేనెంత బిగిస్తే ఆయనా అంత బిగించారు.

ముందు నవ్వింది వినోద్. ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. తర్వాత కూర్మారావుగారు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, “నేను జల్మలో రష్యాని అన్ని మాటలు అనలేదండి. రేపు మా వీధిలో తల ఎలాగ ఎత్తుకోవాలో” అన్నారు. ఆ తర్వాత కాస్త సర్దుకుని నావైపు వంగారు. “గాని ఆ కోక్ ఓవెన్ మాట నేర్చుకున్నది కాదండి. అది నాదే. నేను ఏ వైపున్నా అది నాదే.”

తెలుసన్నాను. ఆ మాట దగ్గర ఆయన ఏ వైపని అడగాల్సిన పని నాకు కనబడలేదు.

ఆయన లేచి, మూసిన తలుపు దగ్గరికి తానే వెళ్ళారు. మెల్లగా తట్టారు. “అమ్మా లావణ్యా, బయటికి రా తల్లీ. ఇద్దరు ముసలోళ్ళం మీ కోసం సొంత వైపులు కూడా వదిలీసుకున్నాం. ఇంతకన్నా ఏటి కావాలి నీకు? నువ్వు మా ఇంటికొచ్చీయ్” అన్నారు.

పిల్ల తలుపు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదవులు నవ్వుతున్నాయి. ఆయన కాళ్ళకి దండం పెట్టి, నావైపు వచ్చి నా భుజం మీద ఒకటి వేసింది. ఆ దెబ్బ నాకు రావాల్సిందే. పార్వతి మళ్ళీ టీ పెట్టింది. పళ్ళెంలో మిగిలిన ఊళ్ళన్నీ అందరం కలిసి తినేశాం.

సాయంత్రం వాళ్ళు బయల్దేరుతుంటే గేటు దాకా వెళ్ళాను. కూర్మారావుగారు స్కూటర్ తియ్యబోతూ ఆగారు.

“ఇంతకీ బావగారూ, మీ అసలు వాదన నేను ఇననేలేదు కదా. ఇప్పుడు సెప్పండి, ఉక్రెయిన్ వైపు. నేనేటీ అనుకోను” అన్నారు.

ఎన్నాళ్ళకి దొరికిందండీ అవకాశం! రష్యా మనిషి తానే వచ్చి, చెప్పండి వింటాను అంటున్నాడు. కాలర్ సర్దుకున్నాను, గొంతు సవరించుకున్నాను. గోడ సంగతి చెప్దామనుకున్నాను, అది ఆయన చెప్పేశారు. ఇచ్చిన మాట తప్పిన సంగతి చెప్దామనుకున్నాను, అదీ చెప్పేశారు. మారియుపోల్ సంగతి ఆయన చెప్పాక ఇంకెవరూ చెప్పకూడదు. గేటు పట్టుకుని నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే నిలబడ్డాను.

“అంతా మీరే చెప్పేశారండీ, నాకేటీ మిగల్లేదు” అన్నాను.

ఆయన సంతోషించి, నా భుజం తట్టి, కొంచెం మొహమాటంగా అన్నారు. “మా రష్యా పాయింట్లు మీరూ సెప్పినారు గాని బావగారూ, ఏటీ అనుకోకండి, అంత బలంగా లేవు. ఒక ఆదివారం మా ఇంటికి రండి, నేర్పుతాను.”

అదీ సంగతి. ఆ రోజు మా ఇంట్లో ఉక్రెయిన్ నెగ్గింది. ఉక్రెయిన్ మనిషినైన నేను మాత్రం చిత్తుగా ఓడిపోయాను.